అప్‌డేట్: కీబోర్డు చూడకుండా టైప్ చేయడం గురించి

టైప్ చేసేటప్పుడు అందరూ కీబోర్డు చూస్తారా, నేనొక్కడినేనా అని రెండు నెలల క్రితం అడిగాను కదా. ఎఫ్, జె కీల మీదున్న చిన్న గీతలు తడిమి చూపుడువేళ్లు అక్కడ పెట్టమన్నారు, అదే పట్టుకున్నాను. బెంగళూరు మారతహళ్లిలో నా పీజీ గదిలో రోజూ రాత్రి అరగంట, చేతుల మీద తువ్వాలు కప్పుకుని. మొదటి రెండు వారాలు వేగం బాగా పడిపోయి ఆఫీసులో టెన్షన్ వచ్చింది, అయినా కిందికి చూడలేదు. ఇప్పుడు అంకెలకు తప్ప చూడను.

అసలు సంతోషం తెలుగుది: ఇన్‌స్క్రిప్ట్‌లో (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరికలో) అచ్చుల గుర్తులు ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి వస్తాయి, ఎఫ్ మీద గుడి (ి), జె మీద ర, కె మీద క. నా కీల మీద తెలుగు అక్షరాలే లేవు, చూసినా లాభం లేదు, అందుకే వేళ్లకు తొందరగా అలవాటైంది. నిన్న అమ్మకి రెండు పేజీలు తెలుగులోనే రాసి పంపాను.