వెయ్యి అడుగుల ఇంటికి 22 లక్షలట. ఇప్పుడే కట్టాలా, ధరలు తగ్గేదాకా ఆగాలా?

పల్నాటి రైతుబిడ్డ
మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. నాన్న కట్టిన పెంకుటిల్లు వాసాలు చెదలు తినేశాయి, మొన్నటి వానలకి వంటింటి దూలం పగిలింది. ఇప్పుడు దాని కింద కర్ర పోటు పెట్టి అమ్మ వంట చేస్తోంది. స్థలం ఐదు సెంట్లు, మాదే. వెయ్యి అడుగుల్లో రెండు గదులు, హాలు, వంటగది అనుకున్నాం. మేస్త్రీ సామానుతో సహా అడుగుకి 2,200 చెప్పాడు, అంటే 22 లక్షలు. మా బాబాయి 2019లో ఇంతే ఇల్లు అడుగు 1,400కి కట్టించుకున్నాడు. నా చేతిలో 7 లక్షలున్నాయి, మిగతా 15 లక్షలు బ్యాంకు లోను తీసుకుందామని ఆలోచన. సిమెంటు మీద పన్ను తగ్గింది కదా, రెండేళ్లు ఆగితే రేట్లు దిగుతాయని మా ఆవిడ అంటోంది. అమ్మేమో శ్రావణంలో శంకుస్థాపన చెయ్యమంటోంది. ఈ మధ్య కట్టుకున్నవాళ్లు దయచేసి చెప్పండి.

సైటు ఇంజినీరు
ముందు లెక్క చూద్దాం. మామూలు ఇంటికి అడుగుకి 4 కిలోల ఇనుము, దాదాపు 0.4 బస్తా సిమెంటు పడుతుంది. వెయ్యి అడుగులకి 400 బస్తాలు, 4 టన్నులు. బస్తా 350 వేసుకున్నా సిమెంటు 1.4 లక్షలు. టన్ను 60 వేలంటే ఇనుము 2.4 లక్షలు. రెండూ కలిపి 22 లక్షల్లో నాలుగు లక్షలు కూడా కావడం లేదు.

2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి వచ్చింది. 350 రూపాయల బస్తా మీద ఆ తగ్గింపు పూర్తిగా మీ దాకా వస్తే 27 రూపాయలు. ఇల్లు మొత్తానికి 11 వేలు. అదైనా కంపెనీ, డీలరు వదిలితేనే. కుమ్మక్కై ధరలు పెంచారని 2012లో కాంపిటీషన్ కమిషన్ సిమెంటు కంపెనీలకు 6 వేల కోట్లకు పైగా జరిమానా వేసిన పరిశ్రమ ఇది. 11 వేల కోసం రెండేళ్లు ఆగకండి.

ఇనుము సంగతీ అంతే. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన కొత్తలో, 2022 ఏప్రిల్‌లో, నేను టన్ను 76 వేలకి దింపాను. ఇప్పుడు అంతకంటే బాగా తక్కువ. మరి ఇల్లు చవకైందా? కాలేదు. ఎందుకంటే ఇల్లే మారిపోయింది. ఫాల్ సీలింగ్, ఇంటి ముందు అలంకారం కోసం ఎలివేషన్, రెండు అటాచ్డ్ బాత్‌రూములు, గ్రానైటు, యూపీవీసీ అనే ప్లాస్టిక్ కిటికీలు. శ్లాబు పడేసరికి అయ్యేది సగం. ఆ తర్వాత ఖర్చయ్యేదంతా మన ఆడంబరం.

తణుకు ఆడపడుచు
ఇంజినీరు గారూ, మీ లెక్కలు ఒప్పుకుంటాను, ఆ చివరి మాట మాత్రం ఒప్పుకోను. మావారు కువైట్‌లో ఉంటే 2023లో ఇల్లు మొత్తం నేనే దగ్గరుండి కట్టించాను. పిల్లర్లకి గోనెపట్టాలు చుట్టి పొద్దున్నా సాయంత్రం నీళ్లు కొట్టింది నేనే. మా అత్తగారికి మోకాళ్లు పనిచెయ్యవు. రాత్రిపూట పెరట్లోకి వెళ్లలేక సాయంత్రం ఆరు దాటితే మంచినీళ్లు తాగడం మానేసేవారు. ఆవిడ గదికి బాత్‌రూము పెట్టించడం ఆడంబరమా అండీ? పాత ఇంట్లో ఇరవై ఏళ్లు కింద కూర్చుని వండాను. కొత్త ఇంట్లో గట్టు నా ఎత్తుకి కొలిచి కట్టించుకున్నాను. అందులో ఒక్క రూపాయి కూడా తగ్గించను.

వృథా అయింది లేదనను. ఎలివేషన్‌కి లక్షా ఎనభై వేలు పోశాను, ఏడాదిలో పగుళ్లిచ్చింది. హాల్లో ఫాల్ సీలింగ్ వేసి ఉన్న ఎత్తు తగ్గించుకున్నాం. తగ్గించాల్సినవి అవి. తమ్ముడూ, మగవాళ్లు ముందు గేటు గురించి ఆలోచిస్తారు. మీ అమ్మగారినీ ఆవిడనీ కూర్చోబెట్టి వంటగది, బాత్‌రూము ఎలా కావాలో ముందు అడగండి.

సెంట్రింగ్ మేస్త్రీ కొడుకు
అందరూ సామాను గురించే మాట్లాడుతున్నారు. బాబాయి 1,400, నువ్వు 2,200 అన్నావు కదన్నా, ఆ తేడాలో పెద్ద ముక్క కూలీ. మా నాన్న చెక్కలు, సరుగుడు బాదులతో సెంట్రింగ్ కొట్టేవాడు. ఇప్పుడు ఇనప రేకులు, జాకీలు, వాటికి అద్దె వేరు. మా దగ్గర మేస్త్రీ రోజు కూలీ వెయ్యి అయింది. ఊళ్లో కుర్రాళ్లు ఈ పనికి రావడం లేదు. ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చినవాళ్లే శ్లాబులు పోస్తున్నారు.

కూలీ పెరిగిందని బాధపడేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. 2019లో ఏపీలో ఇసుక దొరక్క నెలల తరబడి పనులాగిపోయినప్పుడు మా ఇంట్లో పొయ్యి వెలిగింది అప్పుతోనే. వానాకాలం పనుండదు. మా నాన్నకి యాభై ఐదేళ్లకే నడుం పోయింది, పింఛను లేదు, సెలవు జీతం లేదు. ఆ వెయ్యి ఏడాది పొడుగునా వచ్చే వెయ్యి కాదు. ఇది తగ్గాలని మాత్రం ఎదురుచూడకు, తగ్గదు, తగ్గకూడదు కూడా.

నిజాంపేట అద్దె ఇల్లు
సొంత స్థలం ఉన్నవాళ్ల చర్చ ఇది. హైదరాబాద్‌లో మా బాధ వేరు. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. 4,840 గజాలకి పంచితే గజం 2 లక్షల 8 వేలు! ఆ భూమి కొనేది నేను కాదు. కానీ మర్నాటి నుంచి పది కిలోమీటర్ల అవతల కూడా ప్రతి ప్లాటుకీ కోకాపేట పేరు చెప్పే రేటు పెంచారు. 45 లక్షలు దాటిన ఫ్లాటు కట్టుబడిలో ఉండగా కొంటే జీఎస్‌టీ 5 శాతం, రిజిస్ట్రేషన్‌కి మరో 7.5 శాతం. 70 లక్షల ఫ్లాటుకి ఈ రెండే 8 లక్షల 75 వేలు. మీరు ఇల్లు మొత్తానికి పెట్టేదాంట్లో అది మూడో వంతు పైనే.

రైతుబిడ్డ గారూ, మీకు ఐదు సెంట్లుంది. ఆగకండి.

బ్యాంకు కౌంటరు
వడ్డీ గురించి నేను చెప్తాను, రోజూ చూసే పని. రిజర్వు బ్యాంకు బ్యాంకులకిచ్చే అప్పు మీద వేసే వడ్డీ, అంటే రెపో రేటు, పెరిగితే లోను వడ్డీ పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. రెండేళ్లు 6.5 దగ్గర ఆగిన ఆ రేటు 2025లో దిగుతూ వచ్చి డిసెంబరుకి 5.25 అయింది. 15 లక్షలు 20 ఏళ్లకి 8.5 శాతంలో తీసుకుంటే నెలకి సుమారు 13,000, 7.5 అయితే 12,100. నెలకి తొమ్మిది వందలు మిగులుతుంది. కానీ 8.5లో మొత్తం కట్టేది 31 లక్షలు దాటుతుందని కూడా చూసుకోండి. కట్టుబడి ఖర్చు ఏడాదికి 5 శాతం పెరిగినా 22 లక్షల మీద లక్షా పది వేలు. ఆ లెక్కన ఆగడం నష్టమే.

అసలు అడగాల్సింది వేరే ఉంది. ఆ ఐదు సెంట్లు రిజిస్టర్డ్ దస్తావేజు ఉన్న స్థలమా, గ్రామకంఠమా, అంటే పాతకాలం నుంచి ఊరి ఇళ్ల కోసం ఉన్న స్థలమా? పాత పెంకుటిళ్లు చాలావరకు గ్రామకంఠంలోనే ఉంటాయి. ఇంటిపన్ను రసీదు తప్ప కాగితం ఉండదు. లింకు డాక్యుమెంట్లు (స్థలం పాత దస్తావేజులు), ఈసీ (స్థలం మీద లావాదేవీలు, తాకట్లు చూపించే పత్రం), అప్రూవ్డ్ ప్లాను లేకుండా హోమ్ లోను ఫైలు ముందుకి కదలదు.

పల్నాటి రైతుబిడ్డ
ఇప్పుడే పెట్టె తీసి చూశాను సార్. గ్రామకంఠమే. తాతగారి పేరు మీద పన్ను రసీదులున్నాయి, అంతే. ఇన్నాళ్లూ ఎవరూ మా ఇల్లు మాది కాదనలేదు గనక కాగితం గురించి ఆలోచించనే లేదు.

మానుకోట పోరడు
అన్నా, నారాజు గాకు. మా తెలంగాణల మా అక్కకు సర్కారు పథకం కింద ఇందిరమ్మ ఇల్లు వచ్చింది. సర్కారు ఇచ్చేది 5 లక్షలు. బేస్‌మెంటు అయినంక లక్ష, గోడలు లేచినంక లక్ష, స్లాబు పడ్డంక రెండు, అంతా అయినంక ఇంకో లక్ష. ముందుగాల మన పైసలు పెట్టాలె, ఫొటో దిగాలె, అప్పుడు పడ్తయ్. బేస్‌మెంటుకే లక్షన్నర అయితే అక్క రెండు రూపాయల మిత్తికి తెచ్చింది. 600 అడుగులు దాటొద్దు అన్నరు, అక్క 420ల కట్టింది. ఒక అర్ర, హాలు, వంటిల్లు, బాత్రూము. వానకు కురుస్తలేదు, పాము వస్తలేదు. ఇప్పుడు ఆమె మొఖం చూడాలె నువ్వు. వెయ్యి అడుగులే ఎందుకన్నా? ఉన్న పైసలకు సరిపోయేది కట్టు, పిల్లర్ల చువ్వలు పక్కకు వదులు. తర్వాత కలుపుకోవచ్చు.

సైటు ఇంజినీరు
ఈయన చెప్పింది బాగుంది. చువ్వలు మాత్రం ఎండకీ వానకీ వదిలెయ్యకండి. సిమెంటు పాలు పూసి, సిమెంటు తక్కువ కలిపిన కాంక్రీటులో కప్పి ఉంచండి, లేకపోతే ఐదేళ్లలో తుప్పు లోపలికి దిగుతుంది. రెండో భాగానికి కూడా కలిపి ఇప్పుడే డ్రాయింగు గీయించుకోండి. ఆ బాత్‌రూము విషయంలో తణుకు అమ్మగారి మాటే సరైంది. నేను తొందరపడి అన్నాను.

పల్నాటి రైతుబిడ్డ
రాత్రి ముగ్గురం కూర్చున్నాం. 550 అడుగులు కడుతున్నాం. ఒక గది, హాలు, వంటగది, లోపలే బాత్‌రూము. లేబర్ కాంట్రాక్టు మేస్త్రీకి, సామాను నేనే తెచ్చుకుంటాను. ఇసుక ఉచితమే అయినా లోడింగు, ట్రాక్టరు కిరాయి మనదే గనక రేవు నుంచి దూరం కనుక్కోవాలి. టైల్స్ బదులు మాచర్ల నాపరాయి. పాత ఇంటి టేకు ద్వారబంధాలు రెండు గట్టిగా ఉన్నాయి, వాటినే నిలబెడతాం. 7 లక్షలకి తోడు మా ఆవిడ చీటీ రెండు లక్షలు వచ్చే నెల చేతికొస్తుంది. స్థలం కాగితం సంగతి కనుక్కోవడానికి సోమవారం మా గ్రామ సచివాలయానికి వెళ్తున్నాను.

అమ్మ ఒక్కటే అడిగింది, వంటింటి కిటికీ తూర్పుకి పెట్టించమని. ఈశాన్యంలో బోరు వస్తోంది, పక్కనే కిటికీ పెట్టుకోవచ్చా ఇంజినీరు గారూ?