ఆబిడ్స్ పాత బిల్డింగ్ మీద పెంట్‌హౌస్: టోకెన్ ఇచ్చే ముందు ఏం చూడాలి?

అడిగినవారు:
నమస్తే అండీ. ఆబిడ్స్ దగ్గర పాత బిల్డింగ్ పైన కొత్తగా బాగుచేసిన పెంట్‌హౌస్ చూశాం. కింద రెండంతస్తులు నిజాం కాలం నాటివట, మందపాటి గోడలు, టేకు దూలాలు. పైన అంతా కొత్తదే. ఇటాలియన్ మార్బుల్, గాజు తలుపులు, టెర్రస్ మీద లాన్, ఓ మూల జకూజీ. సాయంత్రం అక్కడ నిలబడితే మొజంజాహీ మార్కెట్ గడియారం కనిపిస్తుంది. మావారు అక్కడే పడిపోయారు. 2,400 చదరపు అడుగులు, 2 కోట్ల 10 లక్షలు చెబుతున్నారు. ఆదివారం లోపు టోకెన్ ఇవ్వకపోతే వేరే పార్టీకి ఇచ్చేస్తాడట, బ్రోకర్ రోజుకు మూడుసార్లు ఫోన్ చేస్తున్నాడు. ఒక్కటే నా మనసులో ఉండిపోయింది. బెడ్‌రూమ్ మూల పెయింట్ బుడగలా లేచి ఉంది, వేలితో నొక్కితే తెల్లటి పొడి రాలింది. "వానాకాలం కదా మేడమ్" అన్నాడు. ఏమేం చూసుకోవాలో చెప్పండి.

ఒక సివిల్ ఇంజనీర్:
జకూజీ అన్న మాట దగ్గరే ఆగిపోయాను మేడమ్. లీటరు నీళ్లు కిలో. వెయ్యి లీటర్ల తొట్టి నిండితే టన్ను, మనుషులు దిగకముందే. లాన్‌కి అరడుగు తడి మట్టి పోసినా చదరపు మీటరుకు 250 కిలోల పైమాటే. నాలుగంగుళాల కొత్త స్లాబు వేసుంటే అదింకో 250. ఇప్పటి కోడ్‌లో ఇళ్ల గదులకు మనుషులు, సామాను కలిపి లెక్కగట్టేదే చదరపు మీటరుకు 200 కిలోలు.

ఇదంతా దేని మీద కూర్చుందన్నదే ప్రశ్న. ఆ కాలపు కప్పు రెండు రకాలుగా ఉంటుంది. టేకు దూలాల మీద ఇటుకలు నిలబెట్టి, డంగుసున్నంతో పేర్చి, పైన ఇటుక ముక్కల కాంక్రీటు దిమ్మిస కొట్టిన మద్రాస్ టెర్రస్. లేదంటే ఇనప గర్డర్ల మధ్య ఇటుక కమాన్లు. తడి తగలనంత కాలం రెండూ గట్టివే. దూలం నడిమధ్య నున్నగా మెరుస్తుంటుంది, గోడలో దూరిన కొస మాత్రం లోపల కుళ్లుతుంటుంది. చూడాల్సింది ఆ కొసే. సుత్తితో తట్టండి, డొల్ల శబ్దం వస్తే స్క్రూడ్రైవర్‌తో పొడవండి. గట్టి టేకులోకి దిగదు. పైన ఫాల్స్ సీలింగ్, మార్బుల్ చూసి లాభం లేదు, కింది అంతస్తులోకి వెళ్లి తల పైకెత్తి చూడండి.

ఆ తెల్ల పొడి వానది కాదు, గోడలోని ఉప్పు. సున్నం గోడ తేమను పీల్చి బయటికి వదులుతుంది. దానికి సిమెంటు ప్లాస్టరింగ్ చేసి ప్లాస్టిక్ పెయింట్ కొడితే చెమ్మ లోపలే ఇరుక్కుని, ఉప్పు పెచ్చులు లేపుతుంది. లాన్ నీళ్లు కిందికి దిగుతున్నాయేమో కూడా చూడాలి.

పాత ఇంట్లో ఉంటున్న ఒకాయన:
ఊరికే భయపెట్టకండి అన్నా. మాది సుల్తాన్ బజార్‌లో తాతల నాటి ఇల్లు, అడుగున్నర మందం గోడలు, మే నెలలో కూడా మధ్యాహ్నం దాకా ఏసీ వెయ్యం. కాకపోతే పైన మేం ఏమీ కట్టలేదు, బట్టలు ఆరేస్తాం అంతే.

డాక్యుమెంట్ల పని చూసే ఒకామె:
బల్దియా (మున్సిపల్ కార్పొరేషన్) శాంక్షన్ ప్లాన్‌లో ఆ అంతస్తు ఉందా? ముందు అది అడగండి. మన ఊళ్లో పెంట్‌హౌస్ అంటే సగం చోట్ల ప్లాన్‌లో లేని గదే, రేకులు తీసి మార్బుల్ వేసినంత మాత్రాన హోదా మారదు. ప్రాపర్టీ ట్యాక్స్ రసీదు, వేరే కరెంటు మీటరు చూపించి "అన్నీ క్లియర్" అంటారు. అక్రమ కట్టడానికి కూడా ట్యాక్స్ వేస్తారు, పైగా పెనాల్టీతో. బీఆర్‌ఎస్‌లో (అనుమతి లేని కట్టడాల క్రమబద్ధీకరణ స్కీమ్) అప్లై చేశామంటే నమ్మొద్దు, 2015 నాటి ఆ స్కీమ్ అదే ఏడాది అక్టోబరు 28 లోపు కట్టినవాటికే. అప్లికేషన్ రసీదు అనుమతి కాదు.

రెండోది, భూమిలో మీ వాటా ఎన్ని గజాలో సేల్ డీడ్‌లో రాస్తారా? "టెర్రస్ రైట్స్" అని మాత్రం రాస్తే, రేపు బిల్డింగ్ పడగొడితే మీకు మిగిలేది ఆకాశం. కింది ఓనర్లు అందరూ సంతకం పెట్టారో లేదో కూడా చూడండి. ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్ల రిజిస్ట్రేషన్ల జాబితా) ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించాలి. పాత కుటుంబ ఆస్తి కదా, వారసుల్లో ఎవరు సంతకం పెట్టలేదో అక్కడే బయటపడుతుంది. స్టాంప్ డ్యూటీతో కలిపి రిజిస్ట్రేషన్‌కు ఏడున్నర శాతం, అంటే ఈ ధరకు 15 లక్షల 75 వేలు. అది కూడా పోతుంది, తిరిగి రాదు.

ఇంకో చిట్కా. లోన్ అక్కర్లేకపోయినా ఏదో ఒక బ్యాంకులో అప్లై చేయండి. వాళ్ల లాయర్ ప్లాన్ అడుగుతాడు. అమ్మేవాళ్లు అప్పుడు "క్యాష్ పార్టీ అయితేనే" అంటే అదే మీకు జవాబు.

అడిగినవారు:
నిన్న వెళ్లొచ్చాం. కింది అంతస్తు బట్టల గోడౌన్. బేళ్ల వెనక, సరిగ్గా మా జకూజీ కింద, దూలానికి ఆనించి రెండు ఇనప పైపు జాకీలు నిలబెట్టి ఉన్నాయి. గోడౌన్ కుర్రాణ్ణి అడిగితే "పైన పని అయినప్పుడు పెట్టారక్కా, తియ్యొద్దన్నారు" అన్నాడు. మావారు పక్క దూలం కొసలో స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడి దాకా దిగింది, తీస్తే చెదల మన్ను. ప్లాన్ కాపీ అడిగితే "ఆదివారం తర్వాత ఇస్తాం" అన్నారు. టోకెన్ ఇవ్వలేదు. అద్దెకైతే ఇస్తామని ఇవాళ బ్రోకర్ ఫోన్ చేశాడు. వ్యూ కోసం ఏడాది ఉందామని మావారు ఇంకా అంటున్నారు.

ఒక సివిల్ ఇంజనీర్:
అద్దెకు కూడా వద్దు మేడమ్. ఆ గోడౌన్ కుర్రాణ్ణి కూడా జాకీల పక్కన పడుకోవద్దనండి.