గెంగ్‌షెన్ జాగారం: ఒంటికి మంచిదా, ఉత్త భయమా?

పాతపుటలు:
ఒక యోగా గ్రూపులో "60 రోజులకోసారి తావో జాగారం, శరీర శుద్ధి" అంటూ ఫీజు కట్టమంటున్నారు. ఇది నిజంగా ఆరోగ్య సాధనేనా? తావో అంటే చైనావాళ్ల పాత మతమార్గం. నేను చదివింది ఇదీ. చైనా పంచాంగంలో రోజులకు కూడా, మన ప్రభవ, విభవల్లాగే, 60 పేర్లు వరసగా తిరుగుతాయి. అందులో 57వది గెంగ్‌షెన్. మనిషి ఒంట్లో మూడు 'శవాలు' కాపురముంటాయట, పురుగులనీ అంటారు. తలలో ఉండేది డబ్బాశ పెంచుతుంది, నడుమ ఉండేది నాలుక చాపల్యం, కింద ఉండేది కామం. ఆ రాత్రి మనకు నిద్ర పట్టగానే అవి పైలోకానికి వెళ్లి మన తప్పులన్నీ చెప్పొస్తాయి. మేలుకుని ఉంటే కదల్లేవు. ఏడు గెంగ్‌షెన్‌లు కాపలా కాస్తే చచ్చిపోతాయని నమ్మకం.

రాత్రిడ్యూటీ:
నేను నర్సుని. నెలకు ఎనిమిది నైట్‌లు. ఈ లెక్కన నా పురుగులకు ఎప్పుడో దినకర్మలు కూడా అయిపోయి ఉండాలి. ఒంట్లో మిగిలింది ఎసిడిటీ, ఇంట్లో మిగిలింది చిరాకు. తెల్లారి ఆరింటికి బస్సులో కిటికీకి తల కొట్టుకుంటూ నిద్రపోయేదాన్ని అడగండి, శుద్ధి అంటే ఏంటో చెబుతా.

బైరాగి_బాబాయ్:
అమ్మా, డ్యూటీ వేరు, దీక్ష వేరు. పురుగులు అనగానే నవ్వేస్తే ఎలా? ఆశ, రుచి, కామం, ఈ మూడింటినీ రెండు నెలలకోసారి ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసుకోవడమే ఇది. తేదీ ఖాయంగా లేకపోతే మనలాంటి బద్ధకస్తులు రేపు చేద్దాంలే అని ఆ రేపటిని ఎప్పటికీ రానివ్వరు. శివరాత్రికి మనం చేసేది మాత్రం ఏంటి?

లెక్కలమాస్టారు:
శివరాత్రికి మనం చేసేది సెకండ్ షో తర్వాత ఇంకో షో చూడటం, బాబాయ్ గారూ!
అసలు విషయానికొస్తే, ఆ 60 ఎక్కడిది? పది పేర్ల వరస ఒకటి, పన్నెండు పేర్ల వరస ఒకటి, రెండూ కలిసి తిరిగి మొదటికి రావడానికి 60 రోజులు పడుతుంది. క.సా.గు. అంతే. అది లెక్కలో ఉంది, ఒంట్లో లేదు. ఒంట్లో గడియారం ఉన్నమాట నిజమే, దాని మీద పనిచేసిన ముగ్గురికి 2017లో నోబెల్ కూడా ఇచ్చారు. కానీ అది సుమారు 24 గంటలది, వెలుతురును బట్టి సర్దుకునేది. ఇంకో తమాషా చూడండి. వాట్సాప్‌లో తిరిగే "రాత్రి 11 నుంచి 1 పిత్తాశయం, 1 నుంచి 3 కాలేయం" పట్టిక కూడా చైనా వైద్యంలోదే. దాన్ని నమ్మేవాళ్లు పదకొండుకల్లా పడుకోమంటారు. వీళ్లేమో పడుకోవద్దంటారు. ఇద్దరికీ ఫీజు కట్టినవాడు ఏం చేయాలి?

పాతపుటలు:
మాస్టారి ప్రశ్న బాగుంది, కానీ నన్ను తొలుస్తున్నది ఇంకోటి. నాలుగో శతాబ్దపు తావో రచయిత గె హోంగ్ ఈ పురుగుల లెక్క రాసి పెట్టాడు. పెద్ద తప్పుకు ఆయుష్షులో 300 రోజులు కోత, చిన్న తప్పుకు 3 రోజులు. ఆ చాడీలు ఎందుకయ్యా అంటే, మనం త్వరగా పోతే వాటికి విడుదల, దయ్యాలై తిరుగుతూ నైవేద్యాలు తినొచ్చు! అంటే అద్దెకున్నవాడే ఇల్లు కూలిపోవాలని అర్జీలు పెడుతున్నాడన్నమాట. ఇందులో నాకు వైద్యం కంటే సర్కారు కచేరీ వాసనే ఎక్కువ కొడుతోంది. చైనాను తాంగ్ వంశం ఏలిన కాలపు ల్యూ జొంగ్‌యువాన్, రాజధాని నుంచి వెళ్లగొట్టబడిన అధికారి, ఈ పురుగుల్ని తిడుతూ ఏకంగా ఒక వ్యాసం రాశాడు. ఆయనకు చాడీలు చెప్పేవాళ్లంటే ఎందుకంత మంటో వేరే చెప్పక్కర్లేదు. తావోవాళ్ల శ్వాస సాధనలూ, ధాన్యం తినడం మానడాలూ వేరే సంగతి, వాటి మీద వాదించుకోవచ్చు. ఈ జాగారం మాత్రం ఫిర్యాదు పైకి వెళ్లకుండా ఆపే ఏర్పాటు. దాన్ని డిటాక్స్ అని అమ్మడమే నాకు నచ్చనిది.

క్యోటో_కబుర్లు:
ఇక్కడ యసకా కోషిన్ గుడికి వెళ్లాను. కాళ్లూ చేతులూ కలిపి కట్టేసిన గుడ్డ కోతులు, పిడికిలంత ఉంటాయి, ఎరుపు, పసుపు, నీలం, గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి. కోరిక రాసి కడతారు, బదులుగా ఒక ఆశ వదులుకోవాలి. గెంగ్‌షెన్‌నే జపాన్‌లో కోషిన్ అంటారు. మాస్టారు చెప్పిన పన్నెండు పేర్ల వరసలో 'షెన్' అంటే కోతి గుర్తు, అందుకే అన్నిచోట్లా కోతులే. మనం గాంధీగారి మూడు కోతులు అంటామే, ఇక్కడి పాత కోషిన్ రాళ్ల మీద అవే ఉంటాయి. ఎడో కాలంలో, అంటే 1603-1868 మధ్య, ఊళ్లో అందరూ ఒక ఇంట్లో చేరి తిని, తాగి, కోడి కూసేదాకా కబుర్లు చెప్పుకునేవారట. మూడేళ్లలో 18 సార్లు అలా కూర్చుంటే గుర్తుగా రాయి నిలబెట్టేవారు.

బైరాగి_బాబాయ్:
చూశారా! అదీ ఆరోగ్యమే కదా. నలుగురితో కూర్చోవడం.

లెక్కలమాస్టారు:
దానికి ఫీజెందుకు బాబాయ్ గారూ? పకోడీల ఖర్చు నాది, మీ డాబా మీదే కూర్చుందాం.

రాత్రిడ్యూటీ:
నేనూ వస్తా. పదకొండింటికి మాత్రం చాప పరిచి పడుకుంటా, పురుగులు ఎవరికి ఏం చెప్పుకుంటాయో చెప్పుకోనివ్వండి.