ప్రతి రిక్వెస్టుకీ ఎంఆర్ రిజిస్ట్రేషన్: ఆర్‌డీఎంఏ కెర్నల్ డ్రైవర్‌లో ఆలస్యం తగ్గేదెలా?

ప్రశ్న
లినక్స్‌లో ఆర్‌డీఎంఏ (నెట్‌వర్క్ కార్డులు ఒక మెషిన్ మెమరీని ఇంకో మెషిన్ నుంచి నేరుగా చదివి రాసే పద్ధతి) మీద నడిచే బ్లాక్ డ్రైవర్ (డిస్కు లాంటి స్టోరేజీని నడిపేది) ఇది. ప్రతి రిక్వెస్టుకీ ఎంఆర్‌ని (కార్డు తాకడానికి రిజిస్టర్ చేసే మెమరీ భాగం) తయారుచేసే ఐబీ_అలాక్_ఎంఆర్, పనయ్యాక దాన్ని తీసేసే ఐబీ_డీరెగ్_ఎంఆర్ పిలుస్తోంది. 128 కేబీ రీడ్‌లలో డేటా రావడానికి పట్టే టైమ్ కంటే వీటికే ఎక్కువ పోతోంది. ఎఫ్ఎంఆర్ పూల్ (ఎంఆర్‌లని త్వరగా మళ్లీ వాడుకునే పాత పద్ధతి) వాడదామంటే కొత్త కెర్నల్‌లో ఆ ఫంక్షన్లే లేవు. వేరే దారి ఉందా?

జవాబు 1
ఎఫ్ఎంఆర్‌ని కెర్నల్ 5.8లో తీసేశారండీ. తీసేయడమే మంచిదైంది, అవతలి మెషిన్ యాక్సెస్ ఎప్పుడు ఆగుతుందో దాంట్లో భరోసా లేదు.

అలాక్, డీరెగ్ చాలా కార్డుల్లో ఫర్మ్‌వేర్‌కి కమాండ్ పంపి జవాబు వచ్చేదాకా నిద్రపోతాయి. వాటిని ఐఓ (రీడ్, రైట్) దారిలోంచి తప్పించండి. కనెక్షన్ పెట్టేటప్పుడే క్యూ డెప్త్‌కి (ఒకేసారి నడిచే రిక్వెస్టుల సంఖ్యకి) సరిపడా ఎంఆర్‌లు ఐబీ_ఎంఆర్_పూల్_ఇనిట్‌తో సిద్ధం చేసుకోండి. 4 కేబీ పేజీలైతే 128 కేబీకి 32 పేజీలు. బఫర్ పేజీ మధ్యలో మొదలైతే 33.

ఐఓ వచ్చాక పూల్ నుంచి ఎంఆర్ తీసి, బఫర్ ముక్కల్ని డీఎంఏ మ్యాప్ చేసి (కార్డు వాడే చిరునామాలు తీసుకుని), వాటిని ఎంఆర్‌లో పెట్టే ఐబీ_మ్యాప్_ఎంఆర్_ఎస్‌జీ పిలవండి. ఆర్‌కీ (అవతలి మెషిన్ ఈ మెమరీని తాకడానికి వాడే కీ) కింది 8 బిట్లు ఒకటి పెంచండి. రెగ్_ఎంఆర్ (ఎంఆర్‌ని వాడుకలోకి తెచ్చే) వర్క్ రిక్వెస్టుకి నెక్స్ట్‌గా సెండ్‌ని (కమాండ్ పంపేదాన్ని) తగిలించి, రెండూ ఒకే పోస్ట్_సెండ్‌లో పంపండి. ఒకే క్యూపీలో (పంపే, అందుకునే క్యూల జంట) రెగ్ ముందు జరుగుతుంది కాబట్టి దాని కంప్లీషన్ (పనయిందన్న కబురు) కోసం ఆగక్కర్లేదు, సిగ్నల్ కూడా అడగొద్దు.

కమాండ్, రెస్పాన్స్ బఫర్లని అవతలివాళ్లు నేరుగా తాకరు కదా. వాటికి పీడీలోని (ఎంఆర్‌లు, క్యూపీలు చేరే రక్షణ గుంపు) లోకల్_డీఎంఏ_ఎల్‌కీ (మన కార్డు మాత్రమే వాడే కీ) చాలు, రిజిస్ట్రేషనే అనవసరం.

జవాబు 2
పైన చెప్పినదానికి తోడు, మ్యాప్_ఎంఆర్_ఎస్‌జీ తిరిగిచ్చే సంఖ్యని డీఎంఏ మ్యాప్ ఇచ్చిన సంఖ్యతో తప్పకుండా పోల్చండి. మధ్యలో ఉన్న ముక్క పేజీ అంచుదాకా రాకపోతే అక్కడే ఆగి తక్కువ సంఖ్య ఇస్తుంది. బ్లాక్ క్యూకి వర్ట్ బౌండరీ (ముక్కలు పేజీ అంచుల దగ్గరే తెగాలన్న షరతు) 4095 పెడితే అలాంటి ముక్కలు మీదాకా రావు.

సెండ్ క్యూ సైజు కూడా పెంచాలి: ఐఓకి రెగ్, సెండ్, ఇన్వాలిడేట్ (ఆర్‌కీని రద్దు చేసేది) కలిపి 3, డ్రెయిన్‌కి (చివర్లో క్యూ ఖాళీ చేయడానికి) పైన ఇంకొకటి.

ప్రశ్న అడిగినవారు
రెస్పాన్స్ రాగానే అన్‌మ్యాప్ చేసెయ్యొచ్చా అండీ?

జవాబు 2
వద్దు. లోకల్_ఇన్వ్ (మీ వైపు నుంచి చేసే ఇన్వాలిడేట్) కంప్లీషన్ వచ్చాకే చేయండి. ముందే చేస్తే ఆ పేజీ వేరేవాళ్ల చేతికి వెళ్లాక కూడా పాత ఆర్‌కీతో అవతలి నుంచి రాత పడొచ్చు. అవతలివైపు సెండ్_విత్_ఇన్వ్ (రెస్పాన్స్‌తోపాటే ఆర్‌కీని రద్దు చేసేది) పంపగలిగితే ఈ అడుగు తప్పుతుంది; రిసీవ్ కంప్లీషన్‌లో వచ్చిన ఆర్‌కీ మీదేనా అని చూడండి, కాకపోతే కనెక్షన్ తెంపేయండి.

జవాబు 1
రెగ్‌కి కంప్లీషన్‌లో స్టేటస్ 6 (మెమరీ బైండ్ ఎర్రర్) వస్తే ఇన్వాలిడేట్ కాని ఎంఆర్‌ని మళ్లీ పోస్ట్ చేస్తున్నారేమో ముందు చూడండి. 5, అంటే ఫ్లష్ (క్యూపీ ఎర్రర్‌లో పడి రిక్వెస్టు తిరిగిరావడం) వస్తే ఆ ఎంఆర్ ఏ స్థితిలో ఉందో నమ్మలేం. పూల్‌లో వెనక్కి పెట్టొద్దు, డీరెగ్ చేసి కొత్తది తీసుకోండి.