మున్సిపల్ స్థలం, ప్రైవేటు బిల్డరు, పేదల ఇళ్లు: మన డెల్టా పట్టణాల్లో కుదురుతుందా?

కాలవగట్టు:
అమలాపురం నుంచి అడుగుతున్నానండి. మున్సిపాలిటీ స్థలం ఇచ్చి, ప్రైవేటు బిల్డరు కట్టి, కొన్ని ఫ్లాట్లు బయట అమ్ముకుని మిగతావి పేదలకిస్తే తప్పేంటి? ముంబయిలో 1995 నుంచి మురికివాడల పునరావాసం ఈ లెక్క మీదే నడుస్తోంది. ప్రభుత్వం దగ్గర డబ్బు వచ్చేదాకా ఆగితే మన పిల్లలు కూడా అద్దె ఇళ్లలోనే ఉంటారు.

పల్లపుచేను:
ముంబయిలో స్థలం బంగారం. ఫ్లాట్లు అమ్మిన డబ్బుతో పేదల ఇళ్ల ఖర్చు వచ్చేస్తుంది. మన దగ్గర ఆ ధర ఎక్కడిది? ఇక్కడ ఇళ్లకని చూపించేది ఊరవతల వరి చేను. దాన్ని రోడ్డు మట్టానికి మెరక చేసే ఖర్చు ఎవరు పెడతారు? ముందు అది చెప్పండి.

సైటు ఇంజనీరు:
మెరక ఖర్చు ఒప్పందంలో రాసుకుంటారండి. పదిహేనేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. డబ్బు బిల్డరు ఒక్కడిదే కాదు. 2015లో వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో భాగస్వామ్య ప్రాజెక్టులకు కేంద్రం పేదల ఇంటికి 1.5 లక్షలు ఇచ్చింది. ప్రాజెక్టులో కనీసం 250 ఇళ్లుండాలని, వాటిలో కనీసం 35 శాతం బాగా పేదవాళ్లకే ఇవ్వాలని అప్పట్లో నియమం. ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే, ఇళ్లు కొనేవాళ్ల కోసం తెచ్చిన రెరా చట్టం ప్రకారం బిల్డరే బాగుచెయ్యాలి.

పల్లపుచేను:
నేనడిగింది గోడ గురించి కాదు, మెరక గురించి. మా చేను పక్కన లేఅవుటు వేసి మురుగు బోదె పూడ్చేశారు. రెండేళ్లు సార్వా నాట్లు నీళ్లలో కుళ్లిపోయాయి. అడిగితే ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు. మీ ఒప్పందంలో నా బోదె ఎక్కడుంటుంది?

గోదారమ్మాయి:
మా వీధిలోనూ అంతే. రోడ్డు ఎత్తు చేశారు, వానొస్తే నీళ్లు ఇళ్లలోకి.

సైటు ఇంజనీరు:
లేఅవుటు వచ్చాక మీ చేను ధర పెరగలేదా? అదీ చెప్పండి.

పల్లపుచేను:
ధర అమ్ముకునేవాడికి. నాకు పంట కావాలి. ఆ మాట మీ నోటికెలా వచ్చింది?

అద్దెపోర్షను:
ఆ మెరక వదలండి బాబూ. మాకు ఇల్లు మంజూరైందని మా ఆయన పేరున లోను పెట్టారు. తాళాలు రాకముందే వాయిదాలు మొదలయ్యాయి. అద్దె, వాయిదా రెండూ కట్టాం. తాళాలిచ్చాక చూస్తే అక్కడ మంచినీళ్లు లేవు. నేను నాలుగిళ్లలో వంట చేస్తాను. తెల్లవారుజామున అక్కడి నుంచి ఆటో దొరకదు. ఊరి మధ్య మున్సిపల్ స్థలం ఖాళీగానే ఉందిగా, అక్కడెందుకు కట్టరు?

సైటు ఇంజనీరు:
అక్కా, ఉన్నమాట చెబుతాను. ఒకే గేటులో వంటమనిషి కుటుంబం కూడా ఉంటుందంటే ఫ్లాట్లు కొనేవాళ్లు రారు. అవి అమ్ముడుపోకపోతే మీకు ఇళ్లే లేవు.

అద్దెపోర్షను:
వాళ్ల వంటింట్లోకి రావచ్చు గానీ వాళ్ల గేటులో ఉండకూడదన్నమాట. ఇంతసేపూ మీరు చెప్పనిది ఇదే. స్థలం ఊరందరిదీ, చోటు మాత్రం కొనగలిగినవాళ్లదా? నాకు సొంతిల్లు వద్దు. మేం కట్టగలిగే అద్దెకు ఊళ్లో రెండు గదులు చాలు.

కాలవగట్టు:
అక్కా, నేను ఇలా ఆలోచించలేదు. 2020లో కేంద్రం అద్దె ఇళ్ల పథకం తెచ్చింది. ఖాళీగా పడున్న ప్రభుత్వ ఇళ్లను బాగుచేసి 25 ఏళ్లు అద్దెకు నడిపే పని ప్రైవేటువాళ్లకు ఇవ్వొచ్చు. అమ్మకమే లేదు కాబట్టి కొనేవాళ్ల గొడవ రాదు. ఊళ్లో మున్సిపల్ స్థలంలోనూ అలాగే కట్టించొచ్చు కదా.

సైటు ఇంజనీరు:
అంత తక్కువ అద్దెతో పెట్టుబడి తిరిగి రాదండి. ఏ బ్యాంకు అప్పిస్తుంది?

పల్లపుచేను:
ఊళ్లో కడితే నాకు అభ్యంతరం లేదు. ఆ మురుగు ఏ డ్రెయినులో కలుపుతారో ముందు ప్లానులో చూపించండి. దిగువన ఉన్న చేలు మావి.