అప్‌డేట్: నాన్నగారి పాత ల్యాప్‌టాప్‌లో ఎంఎక్స్ లినక్స్ వేశాను

2 జీబీ ర్యామ్ ఉన్న నాన్నగారి ల్యాప్‌టాప్‌కి ఏ లినక్స్ (ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్, ఓఎస్) బాగుంటుందని అడిగాను కదా, మీరు అందులోని రకాలైన లుబుంటు, యాంటీఎక్స్, ఎంఎక్స్ లినక్స్ సూచించారు. మూడింటినీ ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూశాను.

మెషీన్ మీద అన్నింటికన్నా తక్కువ భారం వేసేది యాంటీఎక్సే. కానీ దాని ఐస్‌డబ్ల్యూఎం (విండోలను చూపించే ప్రోగ్రామ్) విండోలు నాన్నగారికి కొత్తగా, ఇబ్బందిగా అనిపించాయి. లుబుంటులోని డెస్క్‌టాప్ (తెరపై కనిపించే మెనూలు, ఐకాన్ల అమరిక) ఎల్ఎక్స్‌క్యూటీ చక్కగానే ఉంది. చివరికి డెబియన్ అనే మరో లినక్స్ ఆధారంగా వచ్చే ఎంఎక్స్‌నే ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్‌తో ఇన్‌స్టాల్ చేశాను.

ఎక్స్‌ఎఫ్‌సీఈలో నాకు బాగా నచ్చింది ప్యానెల్, అంటే మెనూ, ఐకాన్లు ఉండే పట్టీ. ఎంఎక్స్‌లో అది మొదట ఎడమ పక్కన నిలువుగా ఉంటుంది. కిందికి దించి, ఐకాన్లు పెద్దవి చేసి, అక్షరాల సైజు పెంచాను. ఇప్పుడు ఆయన కళ్లజోడు వెతుక్కోకుండానే మెయిల్ తెరుస్తున్నారు, నాకు అదే పెద్ద సంతోషం! తెలుగు టైపింగ్‌కి ఐబస్, ఎం17ఎన్ అనే ప్రోగ్రామ్‌లు వేసి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ అమరిక పెట్టాను. పోతన, వేమన ఫాంట్లు డెబియన్ ప్యాకేజీల్లోనే దొరికాయి.

అన్నీ కుదిరాక ఎంఎక్స్‌లోనే ఉండే స్నాప్‌షాట్ టూల్‌తో ఈ సెటప్ మొత్తాన్నీ ఐఎస్ఓగా (మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోగల ఒకే ఫైల్‌గా) తీశాను. ఇలాంటి పాత మెషీన్ ఉన్నవాళ్లు ఇది తప్పకుండా చేసుకోండి.

బ్రౌజర్‌లో ట్యాబులు పెరిగితే మాత్రం ఇంకా నెమ్మదిస్తోంది. అది ఓఎస్ మారిస్తే తీరేది కాదు, ర్యామ్ 4 జీబీ చేయిస్తాను. దారి చూపిన అందరికీ ధన్యవాదాలండీ.