రోజుకు ఎంత రాయాలని పెట్టుకోవాలి? ఆ పూనిక నిలబడేదెలా?

ప్రశ్న – బ్యాంకు ఉద్యోగిని, కర్నూలు

అందరికీ నమస్కారం. శ్రీశైలం జలాశయంలో మునిగిపోయిన ఊళ్లలో మా అవ్వవాళ్ల ఊరు ఒకటి. 1980ల మొదట్లో వాళ్లు ఊరు ఖాళీ చేసి వచ్చిన తరవాత పుట్టినదాన్ని కాబట్టి నేను ఆ ఊరిని చూడలేదు. ఏటా నీళ్లు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడ్డప్పుడల్లా అక్కడికి తీసుకెళ్లమని అవ్వ అడుగుతుంది. గుడి దగ్గర కూర్చుని, నీళ్ల వైపు చెయ్యి చూపిస్తూ, ఎవరి కళ్లం ఎటువైపు ఉండేదో, ఏ బావి నీళ్లతో పప్పు బాగా ఉడికేదో చెబుతుంది. ఆమెకు ఇప్పుడు ఎనభై రెండేళ్లు. ఆ మాటలన్నీ పుస్తకంగా రాయాలని నాలుగేళ్లుగా అనుకుంటున్నాను.

ఈ జనవరి 1న, రోజుకు వెయ్యి మాటలు రాయాలని నియమం పెట్టుకున్నాను. తొమ్మిది రోజులు నడిచింది. పదో రోజు బ్యాంకులో పని ముగిసేసరికి రాత్రి ఎనిమిదిన్నర అయింది. మరునాడు రెండు వేలు రాసి లెక్క సరిచేయాలనుకున్నాను, కుదరలేదు. ఆ తరవాత బాకీ పెరుగుతూ పోయి, చివరికి నోటుపుస్తకం తెరవడానికే మనసు వెనకాడింది. రాసినంతవరకు చదివి చూస్తే, సగం వాక్యాలు సంఖ్య నింపడానికి సాగదీసినవే. ఉద్యోగమూ ఇల్లూ చూసుకుంటూ రాసేవారు తమకు తాము ఎంత లక్ష్యం పెట్టుకుంటారు? రాయాలనిపించని రోజున ఏం చేస్తారు? దయచేసి మీ అనుభవం చెప్పండి.

సమాధానం – విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, విజయనగరం

అమ్మా, మీలో లోపం ఉందని నాకు అనిపించడం లేదు. మీరు ఎంచుకున్న కొలత మన భాషకు సరిపడేది కాదు. రోజుకు ఇన్ని మాటలు అనే లెక్క ఇంగ్లీషులో రాసేవారి నుంచి వచ్చింది. ‘రాయలేకపోతున్నాననిపిస్తోంది’ అనేది మనకు ఒక్క మాట. అదే భావానికి ఇంగ్లీషులో ఏడెనిమిది మాటలు కావాలి. ప్రత్యయాలూ క్రియలూ కలిసిపోయి ఒకే పదమయ్యే భాషలో వెయ్యి మాటలంటే చాలా పెద్ద పని. రోజంతా అంకెలతో గడిపి వచ్చిన మనిషి దాన్ని రాత్రి భోజనమయ్యాక మొదలుపెట్టి ముగించడం కష్టం.

నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో అరఠావు కాగితాన్ని కొలతగా పెట్టుకున్నాను. అరఠావు ఒకవైపు నిండితే ఆ రోజుకు చాలు. ఇంకా రాయాలని ఉన్నా ఆపేసేవాణ్ణి. తరవాతి వాక్యం ఏమిటో తెలిసి ఉండగానే ఆపితే, మరునాడు కూర్చోగానే చెయ్యి కదులుతుంది. మీరు అడిగిన రెండో ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు ఇదొక్కటే. ఉత్సాహం వచ్చాక కూర్చుందామనుకున్న రోజుల్లో నేను రాసింది చాలా తక్కువ.

బాకీ అనే ఆలోచనను మాత్రం పూర్తిగా వదిలేయండి. తప్పిన రోజు తప్పినట్టే, దాన్ని మరునాటి మీదికి మోపకూడదు. కాళీపట్నం రామారావు మాస్టారు బడిలో లెక్కలు చెబుతూ కథలు రాశారు. మధ్యలో కొన్నేళ్లపాటు కథలు రాయడమే ఆపి, మళ్లీ కలం పట్టారు. ఆ విరామం తరవాత వచ్చినదే ‘యజ్ఞం’. ఆయన మొత్తం మీద రాసిన కథలు తక్కువే అయినా తెలుగు కథ గురించి మాట్లాడేటప్పుడు ఆయన్ని తలచుకోకుండా ఉండలేం. అందుకే పది రోజులో పది నెలలో ఆగినంత మాత్రాన పని చెడిపోయిందని అనుకోవద్దని చెబుతున్నాను.

సమాధానం – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్

నమస్కారమండీ. మాస్టారు చెప్పిన మాటలలెక్క సంగతి నాకు స్వయంగా అనుభవమైంది. నెల రోజుల్లో 50,000 మాటల నవల రాయాలనే కార్యక్రమం ఒకటి అమెరికాలో 1999లో మొదలైంది. దాన్ని నడిపిన సంస్థ 2025లో మూతపడింది. ముప్పై రోజులకు పంచితే రోజుకు 1,667 మాటలు. ఒక ఏడాది నేను అదే లెక్కతో తెలుగులో నవల మొదలుపెట్టి మూడో వారంలో ఆగిపోయాను. అయితే ఆ ప్రయత్నం వృథా అయిందని అనను. తొలి ప్రతిని సరిదిద్దుకుంటూ కూర్చోకూడదని, మొదట చివరిదాకా వెళ్లాలని అక్కడే నేర్చుకున్నాను. నాకు పనికిరానిది ఆ సంఖ్య ఒక్కటే.

ఇప్పుడు నా లక్ష్యం కాలాన్ని బట్టి ఉంటుంది: వారానికి నాలుగు ఉదయాలు, ఒక్కోసారి నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాల్లో రెండు వాక్యాలే వచ్చినా లక్ష్యం నెరవేరినట్టే లెక్క. ఎన్ని మాటలు వస్తాయన్నది నా చేతిలో లేదు, కుర్చీలో కూర్చోవడం నా చేతిలో ఉంది. అంతకన్నా మేలు చేసింది మరొకటి ఉంది. హైదరాబాదులో ఉన్న మిత్రుడూ నేనూ ప్రతి శనివారం, ఇక్కడ ఉదయం, అక్కడ రాత్రి, ఫోనులో ఒకరు రాసింది మరొకరికి చదివి వినిపించుకుంటాం. వినడానికి ఒక మనిషి ఎదురుచూస్తున్నాడని తెలిస్తే శుక్రవారం రాత్రి ఎంత అలసటగా ఉన్నా రాయబుద్ధి అవుతుంది.

సమాధానం – గృహిణి, కథలు రాస్తాను, హనుమకొండ

పైన ఇద్దరూ చెప్పినవి మంచి మాటలే, కానీ ఈ అక్కయ్య పని వేరని నాకు అనిపిస్తోంది. ఆమె రాయదలచింది ఊహించి రాసేది కాదు, ఎనభై రెండేళ్ల మనిషి జ్ఞాపకంలో ఉన్నది. అరఠావు వచ్చే ఏడాదైనా నింపవచ్చు. అవ్వ చెప్పేది మాత్రం ఇప్పుడే వినాలి. అందువల్ల మొదటి ఆరు నెలలు రాతకు లక్ష్యమే వద్దు, అడగడానికి పెట్టుకోండి. వారానికి ఒక గంట, ఒకే విషయం: ఒకసారి బావులు, ఒకసారి పంటలు, ఒకసారి పెళ్లిళ్లు. ఆమె మాటలను ఫోనులో రికార్డు చేయండి. తేదీ, విషయం పైన రాసుకుని, ఆమె వాడిన మాటలను ఆమె పలికినట్టే దించండి. శిష్ట భాషలోకి మార్చవద్దని మరీ మరీ కోరుతున్నాను. కల్లంలో, వంటింట్లో వాడిన పదాలు ఒకసారి దిద్దుబాటులో పోతే మళ్లీ దొరకవు.

మా అత్తమ్మ బతుకమ్మ పాటలను రాసిపెట్టుకోవాలని నేను మూడేళ్లు వాయిదా వేశాను. నోటుపుస్తకం కొన్నాను, రోజుకు ఇన్ని పాటలని ప్రణాళిక వేసుకున్నాను. ఆమెకు పక్షవాతం వచ్చి మాట పడిపోయేనాటికి నా దగ్గర రాసి ఉన్నవి పదకొండు పాటలు. ఆమెకు ఎన్ని వచ్చో నేను ఏనాడూ అడిగి లెక్కపెట్టలేదు. ఇంతకన్నా వివరంగా చెప్పలేను, క్షమించండి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. హనుమకొండ చెల్లెలి మాట చదివాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వెయ్యి మాటల నియమాన్ని కొట్టివేశాను. ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి మూడు వరకు అవ్వ దగ్గర కూర్చోవాలని, బుధ, శుక్రవారాల్లో ఆ రికార్డు విని అరఠావు మేరకు రాయాలని నిర్ణయించుకున్నాను. శనివారం మా అమ్మకు చదివి వినిపిస్తాను. ఆ ఊళ్లో పెరిగిన మనిషి కాబట్టి నేను తప్పు రాస్తే పట్టుకోగలదు.

మొన్న ఆదివారం మొదటి గంట అయింది. ఊరు విడిచేటప్పుడు ఇంట్లోంచి ఏమేం తెచ్చుకున్నారని అడిగాను. సామాన్లన్నీ వరుసగా చెప్పుకొచ్చి, చివర్లో కాసేపు ఆగి, తలుపులు విప్పి బండి మీద వేసుకున్నామని, గడప మాత్రం నేలలోంచి పెకలించడానికి తాతకు చెయ్యి రాలేదని చెప్పింది. ఇన్నేళ్లలో ఈ సంగతి మా అమ్మకు కూడా తెలియదు. బుధవారం కూర్చుని మూడు అరఠావులు రాశాను.